రాని ఆదివారానికి వేలిముద్ర

ఇంకు ప్యాడు మూత తీయగానే ఒక వాసన వస్తుంది. కిరసనాయిలు వాసనకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. పోలీసు స్టేషన్లో పనిచేసేవాళ్ళకు అది వాసన అని కూడా అనిపించదు, ముక్కు అలవాటు పడిపోతుంది. నాకు మాత్రం పదహారేళ్ళయినా అలవాటు కాలేదు. మొన్న ఆదివారం మా రైటరు, అంటే స్టేషను రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్, ప్యాడు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మేడం, వచ్చే వారం మా అక్క కూతురి పెండ్లి ఉండాది, ఊరికి పోవాల. ఆ వారం సంతకాలు గూడా ఈ పొద్దే పెట్టించుకుంటే ఒక పని అయిపోతాది" అన్నాడు. నేను మూత పెట్టేశాను. వచ్చే వారం సంతకం వచ్చే వారమేనని చెప్పాను. మేడమ్‌కు చాదస్తం అనుకునే ఉంటాడు, అనుకోనీ. ఆ పూటే ఊరి నుంచి ఓబులమ్మ మరణ ధ్రువీకరణ పత్రం వచ్చింది. మనిషి పోయింది కాబట్టి ఆమె రౌడీషీటు మూసెయ్యాలి. కారణం అన్న గడిలో 'మరణం' అని రాసి, ఎస్సైగా నేను సంతకం పెడితే సరిపోతుంది. ఆ ఒక్క మాట రాయడానికి నాకు ఆ ఆదివారం చాలలేదు.

రౌడీషీటు అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. కొట్లాటల్లో, కక్షల్లో పేరు పడినవాళ్ళ మీద స్టేషన్లో ఒక ఫైలు తెరుస్తారు. వాళ్ళు ప్రతి ఆదివారం వచ్చి, ఊళ్ళోనే ఉన్నామని రిజిస్టర్లో సంతకం పెట్టిపోవాలి. నేను కొత్త కానిస్టేబులుగా ఇదే స్టేషన్లో చేరినప్పుడు గోడ మీద పందొమ్మిది ఫోటోలుండేవి. పద్దెనిమిది మీసాలు, ఒక ముక్కుపుడక. ముక్కుపుడక ఫోటో కింద 'కారంపొడి ఓబులమ్మ' అని రాసి ఉండేది. ఆమె ముగ్గురిని నరికిందని, కొంగులో నాటుబాంబులు కట్టుకుని తిరుగుతుందని, జైల్లో వార్డరు చెయ్యి కొరికిందని చెప్పేవాళ్ళు. ఆ చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఏదీ కళ్ళారా చూసినవాళ్ళు కాదు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆలూరు పక్క చిన్న పల్లె మాది. నాయన చర్చిలో గంట కొట్టేవాడు, అమ్మ కూలికి పోయేది. స్టేషన్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆడమనిషి వేలిముద్ర ఆడ పోలీసే తీసుకోవాలని అప్పటి రైటరు బాషా గారు పట్టుబట్టేవారు కాబట్టి, ఆ బొటనవేలు నా వంతుకు వచ్చింది.

మొదటి ఆదివారం ఆమె వచ్చింది. నేను ఊహించుకున్న భారీ మనిషి కాదు. బక్కపలచగా, యాభై దాటిన మనిషి, కాళ్ళకు దుమ్ము, ఒడిలో వేయించిన శనక్కాయలు. నా చెయ్యి వణకడం ఆమె చూసింది. "ఏం పాపా, కొత్తగా వచ్చినావా? ఏలు గట్టిగా పట్టుకో. నేనేం కొరకనులే" అంది. ఆ మాటకు బాషా గారు కూడా నవ్వారు. పోతూ పోతూ బల్ల మీద గుప్పెడు శనక్కాయలు పెట్టింది. రౌడీల దగ్గర ఏదీ తీసుకోకూడదని ట్రైనింగులో చెప్పారు. తీసుకున్నాను, తిన్నాను కూడా. ఎనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషి పెట్టింది కాదనడానికి నాకు నోరు రాలేదు.

మూడు నెలలకు గానీ అసలు సంగతి అడిగే ధైర్యం రాలేదు. "నిజంగా ఎంతమందిని చంపినావు పెద్దమ్మా?" అన్నాను. ఆమె కోప్పడలేదు. "ఎవుర్నీ సంపలేదు. ఒకని కన్ను తీసినా" అంది. ఆ రోజు ఆమె వాకిట్లో ఏడాదికి సరిపడా మిరపకాయలు దంచుతోందట. మరిదిని వెతుక్కుంటూ నలుగురు కొడవళ్ళతో వచ్చారు. మరిది ఆమె వెనకాల నక్కాడు. ఆమె గంపెడు కారం ఎత్తి వాళ్ళ ముఖాల మీద కొట్టింది. "నలుగురి వెనకాల ఇంకొకడుండాడు పాపా. పక్కింటి పిల్లగాడు. వాని చేతిలో కొడవలి ల్యాదు, ఊరికే చూసేదానికి వచ్చినాడు. ఎవుడు కొట్టేదానికి వచ్చినాడో, ఎవుడు చూసేదానికి వచ్చినాడో కారానికి తెలుస్తాదా? వాని కన్నే పాయ." అందుకు మూడేళ్ళు జైలు. తిరిగొచ్చేసరికి షీటు తెరిచి పెట్టారు. ఆమె ప్రాణం కాపాడిన మరిది బళ్ళారికి పోయి స్థిరపడ్డాడు. ఒక్కసారైనా చూడ్డానికి రాలేదు. "నేను చేసింది తప్పే. మల్లా అట్లాంటి పొద్దు వస్తే మల్లా అదే చేస్తానేమో. రెండూ నిజమే" అని, ఇంకు అంటిన వేలు గోడకు తుడుచుకుంది.

నాకు ఉద్యోగం నేర్పింది ట్రైనింగు కాలేజీ అని సర్టిఫికెట్లో ఉంది. కొంత అబద్ధం. ఒక ఆదివారం ఒకామె మొగుడు కొడితే స్టేషనుకు వచ్చింది. నేను పెన్ను పట్టుకుని పేరేమిటి, భర్త పేరేమిటి, ఎన్ని గంటలకు కొట్టాడు అని వరసగా అడుగుతున్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. వరండాలో కూర్చున్న ఓబులమ్మ అక్కడి నుంచే అంది: "ముందు నీళ్ళియ్యి పాపా. నోరెండుకపోయినోళ్ళు ఏం చెప్తారు?" నాకు సిగ్గేసింది. చెంబుతో నీళ్ళిచ్చాను. చెంబెడూ తాగి, ఆమె అరగంట మాట్లాడింది. ఆ రోజు నుంచి ఏ స్టేషనుకు బదిలీ అయినా నా బల్ల మీద ముందు పెట్టేది నీళ్ళ చెంబు.

ఇక నేను చేసిన తప్పు సంగతి. బాషా గారు చెడ్డవారు కాదు, పని తేలిగ్గా అయిపోవాలనే మనిషి. నెల మొదటి ఆదివారమే నాలుగు వారాల సంతకాలు ఒకేసారి పెట్టించుకునేవారు. పద్దెనిమిది మంది మగవాళ్ళూ సంతోషంగా పెట్టి పోయేవాళ్ళు. ఓబులమ్మ ఒక్కతే ఒప్పుకునేది కాదు. "రాని పొద్దుకు ఏలుముద్ర ఎట్లా ఎయ్యాల సారూ?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఒకసారి నాకు విడిగా చెప్పింది: "ఊర్లో ఏ గలాటా అయినా మొదట రాయించేది నా పేరే. ఈ పొద్దు నేను ఈడ ఉండానని చెప్పేది ఈ ఏలుముద్ర ఒకటే. దొంగ సాక్షిని పెట్టుకుంటే రేపు నిజం సాక్షిని గూడా నమ్మరు పాపా." మిగతా వాళ్ళకు శిక్షగా ఉన్న ఆదివారాన్ని ఆమె రక్షగా చేసుకుంది. ఎండాకాలమైనా, జ్వరమైనా నడిచి వచ్చేది.

మా అక్క పెండ్లి ఒక సోమవారం చర్చిలో కుదిరింది. ముందు రోజు ఆదివారం ఎనిమిది గంటల బస్సుకు నేను పోవాలి. రౌడీషీటర్లు వచ్చేది పదకొండుకు. వారం ముందే ఓబులమ్మను అడిగాను, రెండు వారాలకూ ఇప్పుడే వెయ్యమని. వద్దంది. బతిమాలాను. "అక్క పెండ్లి పెద్దమ్మా, ఈ ఒక్కసారికే" అన్నాను. చివరికి, "నీ కోసం ఏస్తాండా. ఇది మంచిది గాదు" అని వేసింది. టైము రాయాల్సిన గడి నేను ఖాళీగా వదిలేశాను. మంగళవారం వచ్చి నింపుకుందాంలే అనుకున్నాను.

ఆ ఆదివారం వాళ్ళ ఊళ్ళో గొడవ జరిగింది. కంకర క్రషర్ లారీలు తిరిగి తిరిగి ఊరికి నీళ్ళొచ్చే పైపు పగిలిపోయి మూడు వారాలైంది. బాగు చేయించే నాథుడు లేడు. పదిన్నరకు ఆడవాళ్ళంతా బిందెలు పెట్టి లారీలకు అడ్డంగా కూర్చున్నారు. డ్రైవరు దిగకుండా లారీని ముందుకు పోనిచ్చాడు. ఎవరో రాయి విసిరారు. అద్దం పగిలి డ్రైవరు తల చిట్లింది. బతికాడు గానీ ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

మంగళవారం పొద్దున నేను స్టేషనుకు వచ్చేసరికి మూలన ఒక పిల్ల కూర్చుని ఉంది. పేరు లలిత. ఒడిలో ఎనిమిది నెలల బిడ్డ. ఎవరి సెల్‌ఫోను వీడియోలోనో అందరికంటే ముందు కనిపించిందని సోమవారం సాయంత్రం పట్టుకొచ్చారు. మధ్యాహ్నం కోర్టులో హాజరుపరచాలి. కేసు హత్యాయత్నం. "మొదట ఓబులమ్మే అనుకున్నాను. రిజిస్టరు చూస్తే ఆ రోజు ఆమె స్టేషనుకు వచ్చింది. మిగిలింది ఈ పిల్లే" అన్నారు అప్పటి ఎస్సై గారు. అందరూ వచ్చేది పదకొండుకు కాబట్టి ఆమె కూడా అప్పుడే వచ్చిందనుకున్నారు. బాషా గారు నా వైపు చూడలేదు. ఆ వేలిముద్ర ముందు వారానిదన్న నిజం బయటపడితే ఆయన నెల సంతకాలూ బయటపడతాయి. నా ఉద్యోగం ఇంకా ప్రొబేషనులో ఉంది. మా ఇంట్లో నెలజీతం అనేది నాతోనే మొదలైంది.

నేను తొమ్మిది నుంచి పదకొండు దాకా ఏమీ మాట్లాడలేదు. ఆ రెండు గంటలు దాచిపెట్టి నా గురించి మంచిగా రాసుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది. కానీ నిజం అదే. బిడ్డ ఏడుస్తుంటే లలితకు నీళ్ళిచ్చాను. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

పదకొండుకు ఓబులమ్మ తనంతట తానే లోపలికి వచ్చింది. చేతిలో ఒక గుడ్డసంచి, అందులో రెండు చీరలు. సర్దుకునే వచ్చిందని నాకర్థమైంది.

"రాయి ఏసింది నేను సారూ. అద్దానికి ఏసినా, ఆయప్ప తలకు తగిలింది. ఈ బిడ్డతల్లిని ఇడిసిపెట్టండి" అంది.

"రిజిస్టరు ప్రకారం నువ్వు ఇక్కడున్నావు కదా?" అన్నారు ఎస్సై గారు.

ఆమె నా వైపు చూసింది. ఒక్క మాట, 'ముందు వారమే ఏయించుకున్నారు' అంటే, నా పని అయిపోయేది.

"పొద్దున ఏడుకే వచ్చి ఏసి పోయినా. ఈ పాపకు ఎనిమిది గంటల బస్సు ఉన్నింది, బిరీన పెట్టించుకున్నాది. లారీలు వచ్చింది పదిన్నరకు గదా."

ఎస్సై గారు రిజిస్టరు నా ముందుకు తోశారు. "టైము ఎందుకు రాయలేదు?"

"మర్చిపోయాను సార్."

"రాయి."

ఉదయం ఏడు గంటలు అని రాశాను. చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. లలిత బిడ్డను చంకనేసుకుని, ఎటు పోవాలో తెలియనట్టు ఒక నిమిషం నిలబడి, వెళ్ళిపోయింది.

ఓబులమ్మను కర్నూలు కోర్టుకు తీసుకుపోవాల్సిన ఆడ పోలీసు కూడా నేనే. జీపులో ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. "ఏడ్సాకు. నాకు జైలు కొత్త గాదు. నీకు ఉద్యోగం కొత్త" అంది. ఎందుకు చెప్పావు పెద్దమ్మా, ఆ వేలిముద్ర నిన్ను కాపాడేది కదా అన్నాను. "ఒకని కన్ను తీసి, వాని ముందర ఇరవై ఏండ్లు తిరిగినా. ఇంగ ఆ బిడ్డ ముందర గూడా తిరగాల్నా? శానా కష్టం పాపా అది" అంది. తర్వాత కర్నూలు వచ్చేదాకా పైపు గురించే మాట్లాడింది. కేసు గొడవలో పడైనా పైపు వేస్తారేమో కనుక్కోమంది. రెండు నెలలకు వేశారు.

నాలుగేళ్ళు జైలు పడింది. రెండో ఏడాది కడప జైలుకు పోయి చూశాను. మిరపకాయలు దంచే పని ఇచ్చారని చెప్పి ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "పై అధికారులకు జరిగింది చెప్పేస్తాను పెద్దమ్మా" అన్నాను. ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడొక్కసారే.

"చెప్పాలనుంటే ఆ పొద్దు చెప్పాల. ఇప్పుడు చెప్తే నీ మనసు తేలికవుతాది, నా శిచ్చ తగ్గుతాదా? పైగా నేను అబద్దమాడినానని ఇంకో కేసు." తర్వాత మామూలు గొంతుతో అంది: "అంత చెప్పుకోవాలని ఉంటే నేను పోయినాక చెప్పు. అప్పుడు నన్ను ఏ కోర్టూ పిలవదు."

విడుదలై వచ్చాక మళ్ళీ ప్రతి ఆదివారం స్టేషనుకు నడిచి వచ్చేదట. అప్పటికి నేను పరీక్ష రాసి ఎస్సైనై వేరేచోట ఉన్నాను. ఈ స్టేషనుకు ఎస్సైగా వచ్చి నాలుగు నెలలైంది. అప్పటికే ఆమె మంచాన పడింది. వెళ్ళి చూస్తే గుర్తుపట్టి, "ఎస్సైవైనావంట గదా పాపా, టైము రాస్తాండావా?" అని అడిగింది. రాస్తున్నాను అన్నాను. అది అబద్ధం కాదు. ఏ స్టేషన్లో ఉన్నా ముందు టైము రాస్తాను, తర్వాతే ప్యాడు తెరుస్తాను.

మరణ పత్రం వచ్చిన మర్నాడు పాత రిజిస్టరు బయటికి తీయించాను. ఆ పేజీ పసుపుబారింది గానీ బొటనవేలి గీతలు స్పష్టంగా ఉన్నాయి. పక్కన ఏడు గంటలు అని నా చేతిరాత. షీటులో 'మరణం' అని రాసి సంతకం పెట్టాను. తర్వాత వేరే తెల్లకాగితం తీసుకుని జిల్లా ఎస్పీ గారికి జరిగింది జరిగినట్టు రాశాను: ఈ వేలిముద్ర వారం ముందు నేను అడిగి వేయించుకున్నది, ఏడు గంటలు అనే మాట అబద్ధం, రాసింది నేను. దానివల్ల నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఓబులమ్మను పిలిచే కోర్టు మాత్రం ఇక లేదు. కాగితం పైన తేదీ వేశాను. గోడ గడియారం చూసి, సోమవారం ఉదయం పదకొండూ పది అని టైము రాశాను. ఆ తర్వాత సంతకం పెట్టాను.