ముందు ఎదుటివాళ్ళ మాట

మొన్న విమానాశ్రయానికి పోతుంటే అత్తాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగిపోయింది. డ్రైవర్ ఫోన్‌లో ఎన్నికల చర్చ. అందరూ అరిచేవాళ్ళే, వినేవాడు ఒక్కడూ లేడు. "అన్నా, జర బంద్ చెయ్యవా, తల పగులుతున్నది" అన్నాను. అతను ఆపాడు గానీ నా లోపలి గోల ఆగలేదు. శంషాబాద్ అవతల, నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీలో మా పెద్దమేడమ్ మొదలుపెట్టిన గురువారం ముచ్చట్లు గుర్తొచ్చాయి.

శాంతి, గొడవలు, ప్రజాస్వామ్యం, దేనిమీదైనా మాట్లాడవచ్చు. షరతు ఒక్కటే. జవాబు చెప్పేముందు ఎదుటివాళ్ళ మాటను వాళ్ళే "ఆ, గదే" అనేలా తిరిగి చెప్పాలి. నెత్తిమీద విమానం పోతుంటే మాత్రం అందరూ నోరు మూసుకోవలసిందే. మా క్యాంపస్‌లో ఏ పార్టీకీ చెందనిది ఆ విమానమొక్కటే. నాకా, నిదానం ఒంట్లోనే లేదు. ప్రతిసారీ మధ్యలో దూరేదాన్ని.

ఒక ఏడు విద్యార్థి ఎన్నికల్లో, హాస్టల్‌లో ఒకే గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు పోటీపడ్డారు. ఒకరిది కొత్వాల్‌గూడ, రైతు కుటుంబం. ఇంకొకరిది పహాడీ షరీఫ్, దర్గా పక్క గల్లీ. ప్రచారంలో పోలీసుల సంగతి మీద మాటా మాటా పెరిగి మాటలే మానేశారు. కొత్వాల్‌గూడ పిల్ల గది మారతానని పెట్టె సర్దుకుంది. ఇంకో గొడవైతే ముచ్చట్లు మూసేస్తామని ఆఫీసువాళ్ళు హెచ్చరించారు. అయినా మేడమ్ ఇద్దరినీ పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

పహాడీ షరీఫ్ పిల్ల మొదలుపెట్టింది. "గల్లీల పోలీసు బండి ఆగితె, మా అన్న ఇంటికొచ్చేదాంక అమ్మీ అన్నం ముట్టది. నువ్వేమొ తప్పు చెయ్యనోళ్ళకు భయమెందుకంటవ్."

"పోలీసులంటె మీకు భయమంటున్నవ్" అంది రెండోపిల్ల.

"కాదు. మళ్ళ చెప్పు."

"మీ అమ్మీ అన్నం తినదంటున్నవ్."

"ఎందుకు తినదు?"

నేను జవాబు అందివ్వబోయాను. మేడమ్ నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టారు. కొత్వాల్‌గూడ పిల్ల చాలాసేపు నేల చూపులు చూసింది. చివరికి, "మీ అన్న ఏం తప్పు చెయ్యలే. అయినా పట్టుకపోతరేమొనని" అంది.

"ఆ, గదే" అంటూ పహాడీ షరీఫ్ పిల్ల ఏడ్చేసింది.

ఇక జవాబు వంతు. కొత్వాల్‌గూడ పిల్ల తనూ కళ్ళు తుడుచుకుని, "ఎలక్షన్ల మాత్రం నిన్ను ఓడగొడ్త. ఇగ లే, అన్నం తిందాం పా" అంది.

మేడమ్ రిటైరయ్యారు. ముచ్చట్లు ఇప్పుడు నా చేతికొచ్చాయి. ఒక మనిషి మాట ఇంకో మనిషికి చేరడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజు కళ్ళారా చూశాను. అంతసేపు కాలం మనకోసం ఆగుతుందా అన్నదే నన్ను నిలవనివ్వడం లేదు.