మద్దిలేటి సార్ చెంబెడు నీళ్లు

మద్దిలేటి సార్‌కు ఎవరూ నీళ్లివ్వకూడదు. ఇస్తే తాగడు, నేల మీద పోస్తాడు. పోసి, గొంతుక్కూర్చుని, అవి ఎటు పోతాయో చూస్తాడు. మా ఇంజనీర్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆరేళ్లుగా ఆయన పక్క టేబుల్ దగ్గర కూర్చుంటున్న నాకు మరీ బాగా తెలుసు.

ఒకసారి సార్ వాళ్లు మేనల్లుడికి పిల్లను చూడటానికి వనపర్తి వెళ్లారు. పిల్ల తండ్రి అప్పుడే కొత్తిల్లు కట్టాడు. మర్యాదగా గ్లాసుతో నీళ్లందిస్తే, సార్ వాటిని హాలు మధ్యలో పోశాడు. అదేదో వీళ్లింటి ఆచారం కాబోలని ఆడపెళ్లివాళ్లు లేచి చేతులు జోడించారు. పిల్ల నచ్చిందా అని అడిగితే సార్ తల కూడా ఎత్తకుండా, "బండలు దేవునర్ర దిక్కు వాలినయి" అన్నాడట, అంటే నీళ్లు పూజగదిలోకి పోతాయని. సంబంధం కుదిరింది గానీ, పెళ్లికి ముందు ఆ ఇంట్లో బండలన్నీ తీసి మళ్లీ వేయించారు.

మేమిద్దరం కల్వకుర్తిలో పనిచేసినప్పుడు ఒక కల్వర్టు చూడటానికి సార్ వస్తున్నాడని తెలిసి, కాంట్రాక్టరు చెంబులు, బకెట్లు, చివరికి కూలీల నీళ్ల సీసాలు కూడా దాచేశాడు. సార్ రోడ్డు పక్కన కొబ్బరిబోండం కొట్టించుకుని, చుక్క తాగకుండా తెచ్చి స్లాబు మీద వంచాడు. ఆ కల్వర్టుకు మళ్లీ వాలు దిద్దారు. బోండం వంచిన రోజంతా అక్కడ చీమలే.

నిజం చెప్పాలంటే నాకు ఆయనంటే విసుగు. బీరువాలో ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్ పెట్టుకుని ఈ చెంబు వేషాలేమిటి? నేను కుర్చీలో కూర్చుని ఎస్టిమేట్ రాసే రకం. వాన ఎంత పడుతుందో పాత పట్టిక చూసి వేసేసేవాణ్ని. ఆయన ఆ పట్టిక మీద వేలు పెట్టి, "గీ వాన ఇప్పుడు పడ్తలేదు మధూ. నెల రోజుల వాన ఒక్క పూటల పడి పోతుంది. తర్వాత నెలంత ఎండనే" అనేవాడు. నేను బుద్ధిగా తలూపి, మళ్లీ పాత పట్టికే వాడేవాణ్ని.

కిందటేడు గద్వాలలో నేతవాళ్లుండే ఒక గల్లీకి సిమెంటు రోడ్డు మంజూరైంది. పందొమ్మిది ఇళ్లు, ఇంటింటికీ గుంట మగ్గం. నేసేవాళ్లు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, కింది తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తారు. ఆ గుంటలోకి నీళ్లు దిగితే వారం పది రోజులు నేత బంద్. అప్పుడు ఇంట్లో పొయ్యి కూడా ఆలోచించుకుని వెలుగుతుంది.

ఆ గల్లీ పెద్దదిక్కు జంగమ్మ. బురద తొక్కలేక చస్తున్నామని, పక్క గల్లీవాళ్లు చూసి కుళ్లుకునేలా ఎత్తు రోడ్డు కావాలని అందరి చేతా సంతకాలు పెట్టించి తెచ్చింది. నేనూ ఉదారంగా పాత రోడ్డు మీదే ఇంకో అర అడుగు రాసేశాను. అంతకుముందు ఇలాగే రెండు రోడ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జంగమ్మ గడప ముందు ఒకప్పుడు ఉన్న రెండు మెట్లు ఆ రోడ్ల కిందే ఎక్కడో ఉన్నాయి. నాకా ఆలోచనే రాలేదు.

పని మొదలయ్యే రోజు ఉదయం మిక్సర్ బండి వచ్చింది. దాని వెనకే మద్దిలేటి సార్ వచ్చాడు. జంగమ్మను చెంబెడు నీళ్లడిగాడు. పాపం, ఆమెకు తెలియదు, ఇచ్చింది. రోడ్డు మధ్యలో పోశాడు. ఇంకో చెంబు, ఇంకో చెంబు. ఐదో చెంబుకు నీళ్లు గడప దాటి, మగ్గం ఉన్న అర్రలోకి, గుంట వైపు బయల్దేరాయి. మగ్గం మీద సగం నేసిన పట్టంచు చీర ఉంది. జంగమ్మ పరుగెత్తి గోనెసంచి అడ్డం వేసింది.

సార్ ఖాళీ చెంబు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. గల్లీ అంతా ఆ తడి చారనే చూస్తూ నిలబడింది. చివరికి జంగమ్మే నా వైపు తిరిగి నోరు విప్పింది.

"సార్, ఎత్తు వద్దు. దించుండ్రి."

పాత రోడ్లు తవ్వి తీయించాను. గడపల కంటే అడుగు కిందుగా, నడుమ పల్లంగా కొత్తది వేయించాను. తవ్వినన్నాళ్లూ ఆ బురదలో నడిచినవాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వాన పడింది. మూడు గంటల్లో నెల వాన. నేను ప్యాంటు మడుచుకుని గల్లీకి పరుగెత్తాను. నీళ్లు రోడ్డు నడుమ నుంచి ఉరుకుతూ పోతున్నాయి. ఆ హోరులోనూ ఇంటింటా మగ్గాల చప్పుడు వినిపించింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాతి వారం బిల్లు పని మీద లెవెల్ బుక్కు తీశాను. మద్దిలేటి సార్ చేతిరాత. చెంబు పోసిన రోజుకు తొమ్మిది రోజుల ముందటి తేదీ. పందొమ్మిది గడపల ఎత్తులూ మిషన్ పెట్టి కొలిచి రాశాడు. పక్కన ఈ పదేళ్లలో పడిన పెద్ద వానలన్నీ ఉన్నాయి. పాత పేజీలు తిప్పితే కల్వర్టు కొలతలూ ఉన్నాయి, అవీ కొబ్బరిబోండానికి ముందటివే. పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ముందే తెల్సినప్పుడు నాకెందుకు చెప్పలే సార్?"

ఆయన దొంగతనం బయటపడినవాడిలా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నేను చెప్తే నీది తప్పయితది, జంగమ్మది తప్పయితది. నీళ్లు చెప్తే ఎవలకూ చిన్నతనం లేదు. రేపు ఆ గల్లీల నువ్వు తలెత్తుకొని తిరగాలె గద."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లు విసుక్కున్న మనిషి మీద చెప్పలేనంత ఇష్టమూ కలిగింది.

జంగమ్మ మాత్రం వచ్చినవాళ్లందరికీ నన్నే చూపించి, తమ మగ్గాలను కాపాడింది ఈ మధు సారేనని చెబుతోంది. అసలు సంగతి చెప్పేద్దామని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆమె ఇచ్చిన చాయ్ తాగి, కాసేపు పొగిడించుకుని వచ్చేశాను.