ఒక్క డిస్కులో పెండ్లంతా

పెండ్లి వీడియో మూడు సీడీల్లో ఇచ్చే రోజులు పోయి, అంతా ఒక్క డీవీడీలో పట్టే కాలం అప్పుడే వచ్చింది. మదనపల్లెలో నా స్టూడియోకి డీవీడీ రైటర్ కొత్త. డిస్కులు వరసగా చెడిపోతే, చివరికి ఒకదాంట్లో ఎట్లో వీడియో ఎక్కించుకొని, పెండ్లివాళ్ళకిచ్చేదానికి కుప్పం బస్సెక్కినాను. గీతలేమన్నా పడినాయేమోనని దాన్ని బయటికి తీసి చూసుకుంటాంటే, పుంగనూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న ఒకామె అడిగింది.

"అదేందప్పా?"

"పెండ్లి వీడియోమ్మా. పాత సీడీలకు ఆరింతలు పడ్తాది దీంట్లో."

ఆ ఆరింతలు ఆమెకు పట్టలేదు. సంచిలోంచి కుంకుమ తీసి, తడివేలితో మెరిసే వైపు ఇంత బొట్టు పెట్టేసింది.

"ఏందమ్మా ఇది! మిషను చదివేది ఆ వైపే!"

"పెండ్లి అంటివి కదప్పా. బొట్టు లేకుండా యాడన్నా ఇస్తారా?"

కుప్పం దాకా చొక్కా అంచుతో తుడుస్తా, పండ్లు నూరుకుంటా కూర్చున్నాను. తీరా చూస్తే పెండ్లివాళ్ళింట్లో ఉండేది పాత సీడీ ప్లేయరు. డీవీడీ అంటే ఏందో దానికి తెలీదు. నేను తల పట్టుకున్నాను. పెండ్లికూతురి తల్లి మాత్రం అంచున మిగిలిన ఎర్రమరక చూసి, "బొట్టు పెట్టి తెచ్చినావా నాయనా!" అని డిస్కును కండ్లకద్దుకొని దేవుని పటం దగ్గర పెట్టింది.

అప్పటినుంచి ఏ డిస్కు ఇచ్చినా, మెరవని వైపు బొట్టు పెట్టే ఇస్తాండాను. దాంట్లో ఎంత పడ్తాదని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.