పెద్దమ్మ కట్టిన ఎర్ర పేలిక

"అమ్మ ప్రభువునందు నిద్రించింది" అని మొన్న మంగళవారం పొద్దున పెద్దమ్మ కూతురు ఫోన్లో మెసేజ్ పెట్టింది. అప్పుడు నేను జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. రోడ్డు దాటి పెనుగంచిప్రోలు ఆటో ఎక్కాను. ఆ ఆటో నేను ఎప్పుడో ఎక్కాల్సింది.

మీలో చాలామందికి పెద్దమ్మ తెలియదు. నందిగామలో మా చిన్న ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేయించుకున్న వాళ్ళకు డాక్టరుగారు గుర్తుంటారు. పక్కన నిలబడి "ముక్కుతో గాలి పీల్చండి" అని చెప్పే టెక్నీషియన్ని కాబట్టి నేనూ కొంత గుర్తుంటాను. గోడకవతల స్కోపులు కడిగే మనిషి ఎవరికి గుర్తుంటుంది? ఆవిడకు నాతో బంధుత్వమేమీ లేదు. ఆస్పత్రిలో అందరికీ పెద్దమ్మే, ఆవిడకంటే వయసులో పెద్దవాడైన వాచ్‌మన్‌తో సహా.

స్కోపంటే వేలు లావున్న పొడుగాటి నల్లటి గొట్టం, చివర కెమెరా ఉంటుంది. ఒకరి కడుపులోంచి తీసినదాన్నే కడిగి ఇంకొకరి గొంతులో దించుతాం. దాని లోపల అగ్గిపుల్ల పట్టేంత సన్నటి దారి ఉంటుంది. పెద్దమ్మ పనంతా కంటికి కనపడని ఆ దారితోనే. బ్రష్షు దూర్చి తోమేది, మందు నీళ్ళు పట్టించేది, మంచినీళ్ళతో కడిగేది, గాలి కొట్టి ఆరబెట్టేది. లోపల తడి మిగిలితే క్రిములు పెరుగుతాయి, అవి తర్వాతి మనిషిలోకి పోతాయి. అదే సంగతి పెద్దమ్మ తన ఏడో తరగతి చదువుతో చెప్పేది. "కంచమైతే తుడుచుకుని తింటారు. దీన్ని తుడుచుకుని మింగుతారా?"

నేను చేరిన మొదటి వారం ఆ గదిలో వాసనకు తట్టుకోలేక నేల మీదే వాంతి చేసుకున్నాను. పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా శుభ్రం చేసేసింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే "అదీ కడిగేదేగా" అంది. ఆ గదికి కిటికీ లేదు. పావుగంట నిలబడితే మందు ఘాటుకు నా కళ్ళు మండేవి. ఆవిడ రోజంతా అక్కడే ఉండేది. దగ్గు చూపించుకోమంటే, మిరపకోతలకు పోయిన రోజుల్లో ఇంతకన్నా దగ్గేదాన్నని కొట్టిపారేసేది. చివరికి ఊపిరితిత్తులే పోయాయి. మందు వల్లేనని ఏ డాక్టరూ కాగితం మీద రాయలేదు. నా అనుమానం మాత్రం ఆ గది మీదే.

పెద్దమ్మకో పద్ధతి ఉండేది. పాత ఎర్ర చీర ఒకటి చింపి జానెడేసి పేలికలు చేసుకుని, ఉతికి దగ్గర పెట్టుకునేది. కడిగిన స్కోపును తగిలించగానే ఆ కొక్కేనికి ఒక పేలిక ముడివేసేది. పేలిక ఉందంటే ఇంకా తడి ఉన్నట్టు, ముట్టుకోకూడదు. బాగా గాలి కొట్టి, చివర తెల్లగుడ్డ పెట్టి, చుక్క పడలేదని చూసుకున్నాకే విప్పేది. లోపల్నుంచి డాక్టరుగారు ఎన్ని కేకలు వేసినా ఆ పేలికను ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. ఎంతసేపు పెద్దమ్మా అని అరిస్తే "ఆరినంతసేపండి" అని జవాబొచ్చేది.

ఏడాదిన్నర క్రితం విజయవాడ నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. పీజీ చదువులో భాగంగా పరిశోధన చేస్తున్నాడు. ఆరబెట్టిన స్కోపుల లోపల నిజంగా తడి పోతోందా అన్నది చూడాలి. అందుకోసం దారమంత సన్నటి కెమెరా తెచ్చాడు, స్కోపు లోపలికే దూరుతుంది. ఈ పరీక్ష ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్నారనీ, శుభ్రంగా ఉన్నాయనుకున్న వాటిలోనూ చుక్కలు దొరుకుతున్నాయనీ చెప్పాడు. పెద్దమ్మ భయపడలేదు, సంబరపడింది. ఇన్నేళ్ళూ తను తోమిన దారి ఎలా ఉంటుందో ఆవిడ ఒక్కసారైనా చూడలేదు మరి. మొదటి రెండు రోజులు తెర మీద ఒక్క చుక్క కనపడలేదు. కుర్ర డాక్టరు మెచ్చుకుంటే, పెద్దమ్మ పొడిగా ఉన్న చేతుల్నే కొంగుకు మళ్ళీ తుడుచుకుంది.

మూడో రోజు జనం ఎక్కువగా ఉన్నారు. వేదాద్రి నుంచి, చిల్లకల్లు నుంచి పరగడుపున వచ్చి కూర్చున్న వాళ్ళు. డాక్టరుగారు ఇంకో స్కోపు తెమ్మని కేకేశారు. పెద్దమ్మ బ్రష్షుల కోసం స్టోరుకు వెళ్ళింది. కొక్కేనికి పేలిక ఉంది. నేను విప్పాను. విప్పి కోటు జేబులో పెట్టుకున్నాను. స్కోపు తీయబోతుండగా, ఆ పేషెంటు టీ తాగి వచ్చాడని తెలిసింది. టీ ఏమన్నా టిఫినా అని ఆయన వాదన. కేసు ఆపేశారు. నేను స్కోపును అలాగే వదిలేసి వచ్చాను. పేలిక మళ్ళీ కట్టాలన్న ఆలోచనే రాలేదు. ఇదీ నేను చేసిన పని. నిన్న మా మేనేజరుకు చెబితే "ఇప్పుడెందుకమ్మా అదంతా" అన్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కాసేపటికి కుర్ర డాక్టరు వచ్చాడు. పేలిక లేదు కాబట్టి ఆరిందే అనుకుని, ఆ స్కోపులోకే కెమెరా దూర్చాడు. తెర నిండా నీటిచుక్కలు. మేనేజరు కూడా అక్కడే ఉన్నాడు. అందరూ పెద్దమ్మ వంక చూశారు. ఆవిడ కొక్కేన్ని చూసింది, తన చేతుల్ని చూసుకుంది, తర్వాత నా వైపు చూసింది. నా చెయ్యి జేబులో ఉంది.

"పేలిక కట్టలేదేమోనండి. నాదే పొరపాటు" అంది.

అంతా తెలిసి నన్ను కాపాడుతోందనుకున్నాను. వాంతి శుభ్రం చేసినట్టే ఇదీ శుభ్రం చేసిందనుకున్నాను. ఆ ఊహ నాకెంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

స్కోపును మళ్ళీ కడిగించారు, ఏ పేషెంటుకూ హాని జరగలేదు. పెద్దమ్మను మాత్రం దుప్పట్లు ఉతికే చోటుకు మార్చారు. స్కోపులు కడగడానికి మిషన్ తెచ్చారు. ఆవిడ పొద్దున్నే గేటు దగ్గర కనపడి, తిన్నావా అమ్మాయ్ అని ఎప్పటిలాగే అడిగేది. తిన్నానని చెప్పి గబగబా లోపలికి పోయేదాన్ని. ఆవిడకు తెలుసు కదా, ఇంక కొత్తగా చెప్పేదేముంది అని సర్దిచెప్పుకున్నాను. తర్వాత దగ్గు ముదిరి పని మానేసింది. ఆదివారం వెళ్ళి చూసొద్దామనుకుంటూ ఎన్ని ఆదివారాలు గడిపానో లెక్కలేదు.

పెనుగంచిప్రోలులో ఆ ఇంటికి చేరేసరికి ముందు గదిలో తెల్లదుప్పటి కప్పి పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. కూతురు నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళింది.

"అక్కా, ఒక్క మాట అడుగుతా. ఆ రోజు అమ్మ నిజంగానే పేలిక కట్టలేదా? పోయే ముందు కూడా అదే బెంగ. 'కట్టాననే గుర్తే, కానీ కొక్కేనికి లేదుగా, నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందే' అనేది."

పెద్దమ్మకు తెలియదు. ఆ రోజు నా వైపు చూసింది నన్ను పట్టుకోవడానికి కాదు, కట్టావు పెద్దమ్మా అని నేను చెబుతానేమోనని.

"కట్టింది. నేనే విప్పా" అన్నాను.

"నిన్నటి దాకా తెలివిలోనే ఉందక్కా" అంది కూతురు. కోపంగా అనలేదు. కడిగిన గిన్నెలన్నీ మంచం దగ్గరికే తెప్పించుకునేదని, వాటికి అమ్మ కట్టినవి విప్పడానికి తనకు చేతులు రాలేదని చెప్పి, పాటల దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాను. గట్టు మీద బోర్లించిన పాలగిన్నె, చెంబు, గరిటె, రెండు గ్లాసులు. అన్నిటికీ ఎర్ర పేలికలు కట్టి ఉన్నాయి. ఒక్కోదానికి రెండేసి.