కప్పులో వదిలిన జానెడు సందు

మా ఇల్లు కట్టిన కురవి ఊరి మేస్త్రి పోయాడని పోయిన గురువారం పొద్దున కబురు వచ్చింది. ఆ మనిషి మీద నేను నలభై ఏళ్లు కోపం మోశాను. పోయాడు కదా అని దాచిపెట్టను. నాది రెండో తరగతి చదువు. ఉన్నది ఉన్నట్టు రాయడమే తెలుసు.

మా ఇల్లు నెల్లికుదురులో. దూలాల కింద వెదురు దబ్బలు కొట్టి, వాటికి డంగు సున్నం మెత్తి, కప్పును అద్దంలా నునుపు తీశాడు. తీసి, సరిగ్గా నా మంచం మీదికి వచ్చేచోట జానెడు సందు పూయకుండా వదిలేశాడు. అందులోంచి దూలం కనిపిస్తుంది. గృహప్రవేశం నాడు మా బామ్మర్ది తల పైకెత్తి, "ఏంది బావా, సున్నం ఒడిసిందా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"పని రాకుంటే రాదని చెప్పు. నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్," అని మేస్త్రిని అందరి ముందే తిట్టాను.

ఆయన తాపీ కడుక్కుంటూ, "నీ ఇంటి కోసమే ఇడిసిన పటేలా. కప్పుకు ఒక కన్నుండాలె," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే తగ్గినట్టు అనుకున్నాను.

ఆ తర్వాత ఏటా వానలు వెనకబట్టగానే పిలవకుండానే వచ్చేవాడు. చెప్పులు గడప బయట విడిచి, నిచ్చెనెక్కి, సందులోకి టార్చి లైటు వేసి, వేలి కణుపుతో దూలాన్ని తట్టి వినేవాడు. "గట్టిగున్నది," అని దిగి, చాయ్ తాగి పోయేవాడు. చేసిన పనికి సిగ్గుపడి వస్తున్నాడనుకునేవాణ్ని.

"ఇగనన్న పూస్తవా?" అంటే నవ్వేవాడు.

నిరుడు నవ్వలేదు. "చెద పట్టింది పటేలా. ఇంక పైపైనే ఉన్నది," అన్నాడు. వంగిన నడుముతో రెండు రోజులు నిచ్చెన మీదే ఉండి, చెడిన మేర చెక్కేసి, కొత్త కర్ర బిగించి, చుట్టూ మళ్లీ సున్నం పూశాడు. సందును మాత్రం సందుగానే ఉంచాడు. అది లేకపోతే దూలం లోపల్లోపలే గుల్లయి, ఒకనాడు నా మంచం మీదికి దిగేది. అప్పుడు అర్థమైంది. అయినా "తప్పు నాది మేస్త్రీ" అన్న మాట గొంతు దాటలేదు. రెండో గ్లాసు చాయ్ పోయించాను, అంతే.

"గిదేంది, ఇయ్యాల రెండు?" అన్నాడు. తాగాడు.

ఇప్పుడు నా బిడ్డ ఇల్లు బాగు చేయిస్తోంది. సోమవారం పనివాళ్లు వచ్చి, పాత కప్పు కనిపించకుండా కింద జిప్సం సీలింగు వేస్తారట.

"పెచ్చులు రాలి కండ్లల్ల పడుతున్నయి నాయినా," అంది. నిజమే. వద్దనను.

"ఆ సందు కాడ మాత్రం చిన్న తలుపు పెట్టియ్యి, తెరిచి చూసేటట్టు," అన్నాను.

"కొత్త సీలింగుకు బొక్కేంది? చూసినోళ్లు నవ్వరా?"

నలభై ఏళ్ల కింద నా బాధా అదే. నా బిడ్డే కదా.

సందు అంచున, నిరుడు పూసిన సున్నంలో ఆయన బొటనవేలి అచ్చు ఉండిపోయింది. పడుకుంటే నాకు కనిపించేది అదే. ఆదివారం ఆయన దినాలకు కురవి పోతున్నాను. బతికుండగా అనలేని మాట ఆయన ఫోటో ముందు అనాలి. సందు మూసెటందుకు ఒప్పుకొని పోతే ఏ మొఖంతో అనాలె? తలుపు ఉంటదా, ఉండదా? ఇది చదివి, శనివారం పొద్దుగూకే లోపల చెప్పు బిడ్డా.