ప్రివ్యూలో మసకబారిన ముఖం

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. అనంతపురంలో ఒక మిద్దె మీది రేకుల గదిలో కూర్చుంటాను. ఆ వేసవిలో కెమెరా కొత్తది వచ్చింది గానీ పాత కంప్యూటర్ దాని ఫైళ్లను మోయలేకపోయింది. బొమ్మ ఆగి ఆగి కదిలేది. మాట ముందు వినిపించేది, పెదవులు తర్వాత కదిలేవి. అందుకని సాఫ్ట్‌వేర్‌లో ప్లేబ్యాక్ నాణ్యతను బాగా తగ్గించి పని లాగిస్తున్నాను. రోజంతా మసక బొమ్మలు చూసి చూసి కళ్లు మండేవి.

ఒక మధ్యాహ్నం గార్లదిన్నె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అక్కడ ఆయనకు పంచర్ల అంగడి ఉంది. ఆయన కూతురి నిఖా నేనే తీశాను. అది జరిగిన కొద్ది వారాలకే ఆయన భార్య చనిపోయింది. వీడియో ఇంకా పూర్తి కాలేదని ఫోన్‌లో చెప్పినా వినకుండా బస్సెక్కి వచ్చేశాడు.

"అంతా వద్దప్పా. ఆమె ఉండేది చూపించు, చాలు" అన్నాడు.

వెతికి వేశాను. ఆమె కూతురి తల మీద ముసుగు సర్దుతోంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మొగం సరిగా కనపడల్యా. కెమెరా ఏమన్నా చెడిపోయినాదా?"

"లేదు చాచా. తీసింది బాగానే ఉండాది. ఈ కంప్యూటరే లాగలేకపోతాంది."

ఆయన నమ్మినట్టు లేదు. నాణ్యత పూర్తిగా పెంచాను. ముఖం తేటగా వచ్చింది, కానీ కదల్లేదు. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు. గబగబా తగ్గించేశాను. తక్కిన ప్రోగ్రాములన్నీ మూశాను. పేరుకుపోయిన తాత్కాలిక ఫైళ్లు చెరిపేశాను. కంప్యూటర్ పక్క మూత ఊడదీసి టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పాను. ఇద్దరికీ చెమటలు కారాయి తప్ప ఏమీ మారలేదు. ఇక లాభం లేదని ఆ ముక్క మటుకు కత్తిరించి, మామూలు ప్లేయర్‌లో ఆడేలా విడి వీడియోగా ఎక్స్‌పోర్ట్ పెట్టాను. సగంలో కరెంటు పోయింది.

"ఇంటికి పో చాచా. అయినాక ఫోన్‌కు పంపిస్తా."

"ఈడే కూచుంటాలే."

కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి ఆడింది. ఆమె ముసుగు సర్ది, కెమెరా వైపు తిరిగి, "పొద్దున్నుంచి తీస్తానే ఉండావు, పోయి తినప్పా" అని నన్ను కసిరింది. ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు.

"ఇంగోసారి వెయ్యి" అన్నాడాయన.

వేశాను. ఆమె తిరిగేటప్పుడు ఆయన తల కొంచెం ఊగింది.

"ఆమె మాట ఇట్లే ఉంటాది. ప్రేమగా చెప్పేది కూడా కసిరినట్లే."

ముక్కను ఆయన ఫోన్‌లోకి ఎక్కించాను. భద్రంగా జేబులో పెట్టుకుని, మెట్లు పట్టుకుని దిగి బస్టాండుకు పోయాడు. తక్కిన నిఖా అంతా స్క్రీన్ మీద అట్లాగే ఉంది. దాని ఫైళ్లకు ప్రాక్సీలు, అంటే కంప్యూటర్ మోయగలిగే చిన్న నకళ్లు, చేయడానికి పెట్టి, అవి తయారయ్యేదాకా ఆ సాయంత్రమంతా కుర్చీలో వెనక్కి వాలి ఊరికే కూర్చున్నాను.