ఏకాంబరం జీపీఎస్‌ను నేను రీసెట్ చేసిన రోజు

2023 జూన్ మొదటి వారం. ముత్తుకూరు సెంటర్లో నా కంప్యూటర్, మొబైల్ సర్వీసు షాపు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పోర్టు లారీలన్నీ షాపు ముందు నుంచే పోతాయి కాబట్టి, పొద్దున్నే షట్టర్ ఎత్తగానే నేను చేసే మొదటి పని కీబోర్డుల మీద బొగ్గుదుమ్ము దులపడం. థర్మల్ ప్లాంటు కాంట్రాక్టర్ల ప్రింటర్లు, స్కూళ్ళ కంప్యూటర్లు, సముద్రం ఒడ్డు పల్లెల వాళ్ళ ఫోన్లు, అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

డాక్టరు దగ్గర రోగి కాస్త భయంగా మాట్లాడతాడు. మా దగ్గర మాత్రం వచ్చిన ప్రతి ఒక్కరూ నిపుణులే. ఫోటోలు ఎక్కువైతే ఫోను బరువెక్కి వేడెక్కుతుందని ఒకాయన వాదించేవాడు. ఒకావిడ నీళ్ళలో పడిన ఫోనును మూడు రోజులు బియ్యం డబ్బాలో దాచి, నాలుగో రోజు ఛార్జింగ్ రంధ్రంలో బియ్యపు గింజ ఇరికించుకుని తెచ్చింది. అప్‌డేట్ అనేది ఉన్న ఫోను పాడుచేసి కొత్తది కొనిపించడానికి కంపెనీలు వేసే ఎత్తు అని ఒక హెడ్మాస్టరు గారి నమ్మకం. అందులో సగం నిజముందని నేనూ అనుకుంటాను. నాకూ ఒక సిద్ధాంతం ఉండేది. రీసెట్ కొడితే కుదుటపడని యంత్రం లేదు అని. రీసెట్ అంటే యంత్రాన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొలిరోజు స్థితికి తీసుకుపోవడం. ఆ సిద్ధాంతం నాకు పద్దెనిమిదేళ్ళు అన్నం పెట్టింది.

ఆ ఏడాది మొదట్లో మా ఎదురుగా వసుంధర షాపు తెరిచింది. కావలి పిల్ల. చెన్నైలో ఒక పెద్ద సర్వీసు సెంటర్లో పదేళ్ళు పనిచేసి, భర్తకు పోర్టులో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చింది. అద్దాల తలుపు, లోపల ఏసీ, బల్ల మీద మైక్రోస్కోప్. ఆమె చేసేది చిప్ స్థాయి పని. అంటే మదర్‌బోర్డ్ మొత్తం మార్చకుండా, దాని మీదున్న గోరంత చిప్‌ను ఊడదీసి, చదివి, మళ్ళీ అతికించడం. ఆ పని నాకు రాదు. నేర్చుకోవాలని అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు. ఆమె వచ్చాక అనిపించింది, కానీ ఊళ్ళో నేర్పగలిగింది ఆమె ఒక్కతే.

దాచుకోవడం దేనికి, నాకు అసూయ పుట్టింది. ఆ షాపులోకి ఎవరు పోతున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, వచ్చేటప్పుడు మొహం ఎట్లా ఉంది అని రోజంతా ఓ కన్ను అటే వేసి ఉంచేవాణ్ణి. నా పాత కస్టమరు ఎవరైనా అటు తిరిగితే ఆ పూట అన్నం సహించేది కాదు. మైక్రోస్కోప్ కావాల్సింది కళ్ళు సరిగా ఆననివాళ్ళకని వచ్చినవాళ్ళతో వేళాకోళం ఆడేవాణ్ణి. ఆమె మాత్రం దారిలో ఎదురుపడితే "బాగుండారా అన్నా" అని పలకరించేది. ఆ మర్యాద నన్ను ఇంకా మండించేది. ఒక్క మాట తూలి ఉంటే నేను హాయిగా తిట్టుకునేవాణ్ణి.

ఏకాంబరం అన్న నా షాపుకు వచ్చింది ఆ రోజుల్లోనే. సముద్రం ఒడ్డు పల్లెలో ఫైబర్ బోటున్న మనిషి. యాభై దాటిన వయసు, మాట తక్కువ. పదేళ్ళుగా వాళ్ళింటి ఫోన్లన్నీ నేనే చూసేవాణ్ణి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట నిషేధించే రెండు నెలలూ బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి వలలూ ఇంజన్లూ అప్పుడే బాగుచేసుకుంటారు. ఇంకో పదిరోజుల్లో నిషేధం ముగుస్తుంది. ఆయన లుంగీ మడతలోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి గుడ్డ, గుడ్డలోంచి చేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రం తీశాడు. ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోతోంది.

"డబ్బా పోతే పోనీలే పెంచలయ్యా. లోపలుండే పాయింట్లు కావాల నాకు," అన్నాడు.

పాయింటు అంటే సముద్రంలో ఒక చోటుకు గుర్తు. అడుగున రాళ్ళున్న చోట, ఎప్పుడో పడవ మునిగిన చోట చేప గుమిగూడుతుంది. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్ళు. అలాంటి చోటు తగిలినప్పుడు బటన్ నొక్కి యంత్రంలో దాచుకుంటారు. ఆ పాయింట్లు ఎవరికీ చెప్పరు. అన్నదమ్ములైనా వేరు బోట్లు వేసుకున్నాక ఒకరికొకరు చెప్పుకోరు. ఎవరి కంటన్నా పడుతుందని కాగితం మీద కూడా రాయరు. ఏకాంబరం యంత్రంలో నూట నలభై పైగా ఉన్నాయి. నిషేధం ఎత్తేసిన మొదటి వారాల్లో పడే చేప మీదే ఆయన ఇల్లు ఏడాదంతా నిలబడాలి. పాయింట్లు లేకపోతే ఆ వారాలు నీళ్ళలో వెతుక్కోవడానికే సరిపోతాయి. "వచ్చినాక వాటిని చూడబాక," అని కూడా చెప్పాడు, కాస్త మొహమాటంగా.

కేబుల్ పెట్టి చూశాను. కంప్యూటర్ ఆ యంత్రాన్ని గుర్తుపట్టలేదు. చిప్ ఊడదీసి నేరుగా చదవడం తప్ప దారి లేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ పని చేయగల మనిషి రోడ్డుకు అవతలే ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదుటి అద్దాల తలుపు తెరుచుకుని, వసుంధర ఎవరినో నవ్వుతూ సాగనంపింది. సాగనంపించుకున్నది నా పాత కస్టమరే. నాలుక వెనక్కి పోయింది. రేపు రమ్మని, చేసిపెడతానని ఏకాంబరానికి చెప్పాను.

మరుసటి పొద్దున నా సిద్ధాంతాన్నే ప్రయోగించాను. కొన్ని ఫోన్లలో ఫోటోలు మెమరీ కార్డులో ఉన్నట్టు ఇందులో పాయింట్లు కూడా కార్డులోనే ఉంటాయని, రీసెట్ వాటి జోలికి పోదని నాకు నేనే చెప్పుకున్నాను. వెనక మూత విప్పి చూడటానికి అరనిమిషం పట్టేది. చూడలేదు. కార్డు లేకపోతే రోడ్డు దాటాల్సి వస్తుందనే చూడలేదని ఇప్పుడు అనిపిస్తుంది. రెండు బటన్లు కలిపి నొక్కాను. యంత్రం లేచి కూర్చుంది.

ఆ సంతోషం ఇంతా అంతా కాదు. జీపీఎస్‌కు ఆకాశం కనపడాలి కాబట్టి బయటికి తీసుకుపోయి పరీక్ష పెట్టాను. నా షాపు ముందు ఒక పాయింటు కొట్టాను. టీ కొట్టు దగ్గర, బస్టాపులో, ఏటీఎం ముందు, మందుల షాపు దగ్గర ఒక్కొక్కటి. ఆరోది వసుంధర షాపు మెట్ల దగ్గర. యంత్రం పేరు అడిగింది. మిగతావాటికి అది ఇచ్చిన నంబర్లే ఉంచాను గానీ, దీనికి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో 'దొంగ' అని కొట్టాను. నా కస్టమర్లను ఎత్తుకుపోయిందని నా కడుపుమంట. నాలో నేనే నవ్వుకుంటూ లోపలికొచ్చి పాయింట్ల జాబితా తెరిచాను. ఆరే ఉన్నాయి.

వెనక మూత విప్పాను. కార్డు పెట్టే చోటు ఖాళీగా ఉంది.

సాయంత్రం ఏకాంబరం వస్తే చెన్నై నుంచి పార్టు రావాలన్నాను. మర్నాడూ అదే చెప్పాను. మూడో రోజు ఆయన స్టూలు మీద కూర్చుని ఇంక లేవలేదు. బోటుకు రంగు వేయడం కూడా అయిపోయిందని, ఐసుకు చెప్పి పెట్టానని మెల్లగా చెప్పుకుపోతున్నాడు. నేను ఇక తట్టుకోలేక జరిగింది చెప్పేశాను. ఆయన అరవలేదు. ఎన్ని మిగిలినాయని అడిగాడు. ఒక్కటీ లేదన్నాను. బల్ల మీది యంత్రం తీసుకుని, గుడ్డలో చుట్టుకుని, రోడ్డు దాటి వసుంధర షాపులోకి పోయాడు. నేను షాపు అలాగే వదిలేసి వెనకే పోయాను.

ఆ అద్దాల తలుపు నేను తోయడం అదే మొదటిసారి. వసుంధర అంతా విన్నది. రీసెట్ చేసినంత మాత్రాన లోపలి సమాచారం చెరిగిపోదని, దాని మీద కొత్తది ఏదైనా రాసినప్పుడే పోతుందని ఏకాంబరానికి అర్థమయ్యేట్టు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రీసెట్ అయినాక దీంట్లో ఏమన్నా సేవ్ చేసినారా అన్నా?"

"లేదమ్మా," అన్నాను. పక్కనే ఏకాంబరం ఉన్నాడు. ఆయన ముందు రెండో తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఆరో పాయింటు పేరు ఆమె కంటపడుతుందన్న భయం కూడా ఉంది.

ఆమె రెండు గంటలు పనిచేసింది. వేడిగాలితో చిప్ ఊడదీసి, శుభ్రం చేసి, రీడర్లో పెట్టింది. ఎక్కడా తొందర లేదు, చేతిలో వణుకు లేదు. నేను ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. ఆ రెండు గంటల్లో నా అసూయ కరిగిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇంకా పెరిగింది. అంతవరకూ ఆమె షాపును చూసి ఏడ్చాను, ఇప్పుడు పనిని చూసి ఏడుస్తున్నాను.

చివరికి మానిటర్ మీద వరసలు వచ్చాయి. సరిగా వచ్చాయో లేదో చూడటానికి ఆమె మొదటివి మ్యాపు మీద పెట్టింది. ఆరు చుక్కలూ ముత్తుకూరు నడిబొడ్డున పడ్డాయి. అందులో ఒకటి సరిగ్గా మేము కూర్చున్న చోట, పక్కనే దాని పేరు. మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒకసారి అద్దంలోంచి నా షాపు వైపు చూసింది. నా వైపు చూడలేదు. నాకు తల తీసేసినట్టయింది.

"ఈ ఆరూ సముద్రంలోవి కాదు. వీటి కింద ఉన్నవి పోయినాయి. మిగతావన్నీ వచ్చినాయి అన్నా," అని ఏకాంబరంతో చెప్పింది. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. ఆమె ఆ పేరు పైకి చదవలేదు. ఆ ఆరూ చెరిపేసి, మానిటర్ ఆయన వైపు తిప్పి, లేచిపోయి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన ఒక్కొక్కటీ చూసుకుని సరే అనేదాకా ఇటు తిరగలేదు. పదేళ్ళు ఆయన ఫోన్లు చూసిన నేను ఒక్కసారైనా అట్లా మొహం తిప్పుకుని నిలబడి ఎరగను.

పోయిన ఆరూ జాబితాలో అన్నిటికన్నా పాతవి. ఏకాంబరానికి వేట నేర్పిన పెద్దన్న చూపించినవి, ఆ అన్న ఇప్పుడు లేడు. సముద్రంలోంచి చూస్తే థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు ఒకదాని వెనక ఒకటి కలిసే వరసను బట్టి రెండింటిని మళ్ళీ పట్టుకోవచ్చని, మిగతా నాలుగూ పోయినట్టేనని ఆయన చెప్పాడు. వసుంధర మిగతా పాయింట్లను చిప్‌లోకి ఎక్కించి, దాన్ని మళ్ళీ యంత్రంలో అతికించి ఇచ్చింది. ఆరు పాయింట్లు కొట్టింది నేనేనని బయటికొచ్చాక ఒప్పుకుని, క్షమించమన్నాను. ఆయన యంత్రాన్ని లుంగీ మడతలో దోపుకుంటూ నా వైపు చూశాడు.

"ఈ పని నీకు చేతగాదని తెలుసులే పెంచలయ్యా. నువ్వు బాగుచేస్తావని రాలా. ఎవరికాడికి పోవాల్నో చెప్తావని వచ్చినా."

ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వసుంధర దగ్గరికి మళ్ళీ పోయాను. ఆ పేరు గురించి ఏదో గొణిగాను. ఆమె టార్చ్‌తో ఏదో బోర్డును చూస్తూనే, టెస్టింగ్‌కు నంబర్లు చాలన్నా, పేర్లు వద్దులే అంది. ఎత్తిపొడుపో, క్షమించడమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తర్వాత ఏడాది దాకా ఏకాంబరం నా షాపు మెట్లెక్కలేదు. వచ్చినప్పుడు కూడా రిపేరుకు కాదు. కూతురు కావలిలో డిగ్రీలో చేరిందని, ల్యాప్‌టాప్ కావాలని, ఎవరి దగ్గర తీసుకోమంటావని అడిగాడు. నా వెనక అలమరలో నేను అమ్మే ల్యాప్‌టాప్‌లు నాలుగు కనిపిస్తూనే ఉన్నాయి. కానీ ఆ పిల్ల చదువుకు పనికొచ్చే రకం నా దగ్గర లేదు, వసుంధర దగ్గర ఉంది. ఆ రెండు మాటలూ చెప్పేశాను.

"అయితే అక్కడే తీసుకుంటాలే," అని ఆయన రోడ్డు దాటాడు. అద్దాల తలుపు మూసుకునేదాకా చూశాను. కడుపు మండింది. ఇప్పుడూ ఆ షాపులోకి ఎవరైనా పోతుంటే మండుతుంది. అసూయ పోయాక మంచివాణ్ణవుదామని ఎదురుచూడటం మానేశాను. అది కడుపులో ఉండగానే నిజం చెప్పడం ఈ వృత్తిలో నేను ఆలస్యంగా నేర్చుకున్న పని.